చిన్న కార్లలో అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్

ముందు వెళ్తున్న బండికీ తనకూ మధ్య ఎంత ఎడం ఉందో కారు తానే కొలుచుకుని, ఆ ఎడం చెడకుండా వేగాన్ని పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయే ఏర్పాటును అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ అంటారు. వాడుకలో ఇది ఏసీసీ. డ్రైవరు దీనికి రెండే సంగతులు చెప్పాలి: మించకూడని వేగం ఎంత, ముందు బండికి ఎంత వెనకగా ఉండాలి. దారి ఖాళీగా ఉంటే కారు చెప్పిన వేగంతో పోతుంది. నెమ్మదిగా వెళ్లే బండి అడ్డం వస్తే తానూ నెమ్మదిస్తుంది. ఆ బండి పక్కకు తప్పుకోగానే మళ్లీ పాత వేగం అందుకుంటుంది. స్టీరింగు మాత్రం డ్రైవరు చేతిలోనే ఉంటుంది. వాహనాల స్వయంచాలకతను మెట్లుగా విభజించిన ఎస్‌ఏఈ ప్రమాణంలో ఏసీసీ ఒక్కటే ఉన్న కారు మొదటి మెట్టుకు చెందుతుంది. లేన్ మధ్యలో నిలిపే స్టీరింగు సాయం కూడా దానితో కలిసి పనిచేస్తే రెండో మెట్టు అవుతుంది. రెండింటిలోనూ రోడ్డు మీద చూపు ఉంచాల్సిన పూచీ డ్రైవరుదే.

చాలా ఏళ్లు ఇది ఖరీదైన పెద్ద కార్లకే దక్కిన సౌకర్యం. 2010ల మధ్య నుంచి యూరప్‌, జపాన్‌ చిన్న కార్లలోకి, 2024 నుంచి భారతదేశంలో నాలుగు మీటర్ల లోపు కార్లలోకి వచ్చింది.

పుట్టుక

వేగాన్ని ఒకే తీరున నిలిపే మామూలు క్రూజ్ కంట్రోల్‌ను అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన ఇంజినీరు రాల్ఫ్ టీటర్ రూపొందించాడు. ఐదేళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో ఆయన చూపు కోల్పోయాడు. తన లాయరు నడిపే కారులో వెళ్తున్నప్పుడు, ఆ లాయరు మాట్లాడుతుంటే కారు నెమ్మదించడం, వింటుంటే వేగం పుంజుకోవడం ఆయన ఒంటికి తెలిసేదని, ఆ కుదుపులే ఈ ఆలోచనకు మూలమని చెబుతారు. 1950లో ఆయనకు పేటెంటు వచ్చింది. 1958 మోడల్ క్రైస్లర్ ఇంపీరియల్‌తో ఆ పరికరం మార్కెట్లోకి వచ్చింది. అయితే అది ముందు ఏముందో చూడలేదు. నెమ్మదిగా వెళ్తున్న లారీ ఎదురైతే డ్రైవరు బ్రేకు తొక్కాల్సిందే.

ముందు చూసే శక్తిని మొదట ఇచ్చింది జపాన్ కంపెనీలు. 1992లో మిత్సుబిషి డెబొనేర్ కారు లేజర్ కిరణాలతో దూరాన్ని కొలిచి, మరీ దగ్గరైతే హెచ్చరించేది. వేగం జోలికి వెళ్లేది కాదు. 1995లో అదే కంపెనీ డయమాంటే కారులో ఇంజిను శక్తిని తగ్గించి, గేరు దించి వేగం తగ్గించే ఏర్పాటు వచ్చింది. బ్రేకులు వేసే అధికారం దానికీ లేదు. 1999లో మెర్సిడెస్ బెంజ్ ఎస్-క్లాస్‌లో డిస్ట్రానిక్ పేరుతో వచ్చిన పరికరం రాడార్‌తో చూసి, బ్రేకులను కూడా తానే వేసింది. 2005లో వచ్చిన డిస్ట్రానిక్ ప్లస్ ముందు కారు ఆగితే వెనక పూర్తిగా ఆగడం నేర్చుకుంది. సుబారు 2008లో ఐసైట్ పేరుతో మరో దారి పట్టి, ముందు అద్దం వెనక పెట్టిన జంట కెమెరాలతోనే దూరాన్ని అంచనా వేయించింది.

పనిచేసే తీరు

రాడార్ సాధారణంగా ముందు బంపరులోనో, గ్రిల్లు మధ్య కంపెనీ గుర్తు వెనకో ఉంటుంది. అది 76–77 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో రేడియో తరంగాలను పంపి, ముందున్న వస్తువులకు తగిలి తిరిగొచ్చిన వాటిని అందుకుంటుంది. ఈ తరంగాల పొడవు నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అందుకే యాంటెన్నాలన్నీ అరచేతిలో పట్టే పెట్టెలో ఇమిడిపోతాయి. పంపే తరంగపు పౌనఃపున్యాన్ని క్రమంగా మారుస్తూ పోతారు. తిరిగొచ్చిన తరంగానికీ, అదే క్షణంలో బయలుదేరుతున్న తరంగానికీ మధ్య తేడాను బట్టి దూరం తెలుస్తుంది. దగ్గరవుతున్న వస్తువు నుంచి వచ్చే తరంగం పౌనఃపున్యం కొద్దిగా పెరుగుతుంది, దూరమవుతున్న దాని నుంచి వచ్చేది తగ్గుతుంది. మనల్ని దాటిపోయేటప్పుడు రైలు కూత మారినట్టు వినిపించడానికి కారణమైన డాప్లర్ ప్రభావమే ఇది. దూరాన్నీ, వేగాల తేడానూ సూటిగా కొలవడం, రాత్రి వేళ కూడా తడబడకపోవడం రాడార్ బలం. ముందున్నది కారా, రేకు బోర్డా అని తేల్చుకోవడంలో అది బలహీనం.

కెమెరా తీరు దీనికి విరుద్ధం. అది ఆకారాన్ని గుర్తుపడుతుంది, లేన్ గీతలను చదువుతుంది. దూరాన్ని మాత్రం కొలవదు, అంచనా వేస్తుంది. ఒకే కెమెరా ఉన్న కారులో ముందు బండి టైర్లు రోడ్డును తాకే చోటు చిత్రంలో ఎంత ఎత్తున ఉంది, బండి వెడల్పు క్షణక్షణానికి ఎంత పెరుగుతోంది అన్నవి ఆ అంచనాకు ఆధారాలు. ఎదురుగా కొట్టే సాయంత్రపు ఎండ, కుండపోత వాన, అద్దం మీది బురద దాని చూపును చెడగొడతాయి. రెండింటినీ కలిపి వాడితే ఒకదాని లోపాన్ని మరొకటి కొంతవరకు పూడుస్తుంది. ఖర్చు తగ్గించాల్సిన చిన్న కార్లలో కొన్నిటికి కెమెరా ఒక్కటే ఉంటుంది.

ఎడాన్ని ఏసీసీ మీటర్లలో కాక సెకన్లలో పాటిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. కాబట్టి రెండు సెకన్ల ఎడమంటే 56 మీటర్లు. 50 కిలోమీటర్ల వేగంలో అదే రెండు సెకన్లు 28 మీటర్లే. ఈ ఏర్పాట్లకు వర్తించే ఐఎస్ఓ 15622 ప్రమాణం 0.8 సెకను కన్నా తక్కువ ఎడాన్ని ఒప్పుకోదు. స్టీరింగు మీది మీట నొక్కితే తెర మీద చిన్న కారు బొమ్మ వెనక గీతలు పెరుగుతూ తగ్గుతూ కనిపించేది ఈ ఎడమే.

బ్రేకు ఎంత గట్టిగా వేయవచ్చో కూడా ఆ ప్రమాణం హద్దు పెడుతుంది. ఎక్కువ వేగాల్లో ఏసీసీ తనంతట తాను వేసే బ్రేకుతో వేగం సెకనుకు సగటున 3.5 మీటర్లు/సెకను చొప్పున మించి తగ్గకూడదు. ఆ లెక్కన 100 కిలోమీటర్ల వేగం నుంచి కారు ఆగడానికి దాదాపు 110 మీటర్లు కావాలి. పొడి రోడ్డు మీద మనిషి బలంకొద్దీ తొక్కితే సెకనుకు 8 మీటర్లు/సెకను చొప్పున తగ్గి, 50 మీటర్ల లోపే ఆగుతుంది. ఏసీసీ సాఫీగా నడవడానికి చేసిన పరికరం, ఆపద నుంచి తప్పించడానికి కాదు. ఆపదలో పూర్తి బలంతో పడే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ వేరు. రెండూ ఒకే రాడార్‌ను, ఒకే కెమెరాను పంచుకోవడంతో చాలామంది ఒకటే అనుకుంటారు.

చిన్న కారులో అమర్చడానికి కావలసినవి

ముందు చూసే పరికరం కొని తగిలిస్తే సరిపోదు. కారు మిగతా అవయవాలు దాని మాట వినేలా ఉండాలి. మొదట యాక్సిలరేటర్. పెడల్‌కూ ఇంజినుకూ మధ్య తీగ బదులు విద్యుత్ సంకేతం ఉంటే కంప్యూటరు సులువుగా వేగం పెంచగలదు. తర్వాత బ్రేకులు. డ్రైవరు తొక్కకుండానే బ్రేకు ద్రవంలో ఒత్తిడి పుట్టించే పంపు కావాలి. కారు జారిపోకుండా కాపాడే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌లో ఈ పంపు ఎలాగూ ఉంటుంది. ఏసీసీ దాన్నే అరువు తెచ్చుకుంటుంది. చిన్న కార్లలో స్టెబిలిటీ కంట్రోల్ వ్యాపించాకే ఏసీసీకి దారి పడడానికి కారణం ఇదే.

అసలు చిక్కు గేరుపెట్టెతో. ఆటోమేటిక్ కారును ఏసీసీ పూర్తిగా ఆపి, మళ్లీ కదిలించగలదు. మాన్యువల్ కారులో వేగం బాగా తగ్గితే ఇంజిను వణుకుతుంది. క్లచ్ తొక్కి గేరు దించడం డ్రైవరు పనే. అందుకని మాన్యువల్ కార్లలో ఏసీసీ ఒక వేగానికి దిగాక చప్పుడు చేసి తప్పుకుంటుంది. నగరపు ట్రాఫిక్‌లో అది అక్కరకు రాదు, హైవే మీదే పని. క్లచ్‌ను యంత్రమే తొక్కే ఏఎంటీ గేర్లలో గేరు మారిన ప్రతిసారీ శక్తి క్షణంపాటు తెగుతుంది కాబట్టి ఎడాన్ని కుదుపు లేకుండా నిలపడం కష్టం. ఆగిన కారును ఎంతసేపైనా పట్టి ఉంచాలంటే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు తోడవ్వాలి. చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకే ఉన్న చాలా చిన్న కార్లలో ఏసీసీ ఆగేదాకా రాకపోవడానికి, వచ్చినా కొద్ది సెకన్లలో బాధ్యత అప్పగించేయడానికి ఇది ఒక కారణం.

చిన్న ఇంజిను కూడా లెక్కలోకి వస్తుంది. నలుగురు మనుషులు, సామానుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు పెట్టిన వేగాన్ని అందుకోవాలని ఏసీసీ యాక్సిలరేటర్‌ను బలంగా తెరుస్తుంది. ఇంజిను రొద పెడుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. అలవాటైన డ్రైవరు మలుపులనూ ఎత్తునూ ముందే చూసి సర్దుకునే తీరు దానికి తెలియదు.

యూరప్‌, జపాన్ చిన్న కార్లు

యూరప్‌లో ఈ సౌకర్యాన్ని చిన్న కారుకు దించిన తొలి మోడళ్లలో ఫోక్స్‌వాగన్ పోలో ఒకటి. 2014లో మెరుగులు దిద్దిన పోలోలో రాడార్ ఏసీసీ అదనపు ధరకు దొరికే ఆప్షన్. 2017లో వచ్చిన కొత్త తరం పోలో దాన్ని కొనసాగించింది. అదే ఏడాది యూరప్‌లో విడుదలైన సుజుకి స్విఫ్ట్ పై రకానికి మాన్యువల్ గేరుతో సహా ఏసీసీ ఇచ్చారు.

జపాన్‌లో మార్పు ఇంకా కిందికి దిగింది. అక్కడ 660 సీసీ ఇంజిను, 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు మించని కేయ్ కార్లకు ప్రత్యేక తరగతి ఉంది. 2017లో వచ్చిన రెండో తరం హోండా ఎన్-బాక్స్ ఏసీసీతో కూడిన హోండా సెన్సింగ్‌ను అన్ని రకాలకూ ప్రామాణికంగా ఇచ్చింది. 2019లో నిస్సాన్ డేజ్ కేయ్ కారు ప్రోపైలట్ పేరుతో లేన్ సాయాన్ని కూడా కలిపింది. కారు కొలతకూ పరికరపు తాహతుకూ సంబంధం లేదని ఈ రెండూ రుజువు చేశాయి.

ఈ వ్యాప్తికి భద్రతా నియమాలు ఊతమిచ్చాయి. కార్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2014 నుంచి ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ను తన మార్కుల్లో లెక్కించింది. యూరోపియన్ యూనియన్ దాన్ని 2022 జూలైలో కొత్త మోడళ్లకు, 2024 జూలైలో అమ్మే కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసింది. అమెరికా 2024లో చేసిన నియమం 2029 సెప్టెంబరు గడువు పెట్టింది. ఏసీసీని ఎవరూ తప్పనిసరి చేయలేదు. కానీ భద్రత కోసం రాడార్, కెమెరా ఎలాగూ పెట్టాక, ఏసీసీకి మిగిలే ఖర్చు మీటలు, సాఫ్ట్‌వేరు, పరీక్షలు మాత్రమే.

భారతదేశంలో

2020లో ఎంజీ గ్లోస్టర్, 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 ఏసీసీతో భారత మార్కెట్లోకి వచ్చాయి. 2022లో హోండా సిటీ హైబ్రిడ్, 2023లో హ్యుందాయ్ వెర్నా, కియా సెల్టోస్ వచ్చాయి. ఇవన్నీ నాలుగు మీటర్లకు మించినవి.

మన దేశంలో చిన్న కారు అన్న మాటకు పన్నుల చట్టమే కొలబద్ద. పొడవు 4,000 మిల్లీమీటర్లు, ఇంజిను పెట్రోలుకు 1,200 సీసీ, డీజిలుకు 1,500 సీసీ మించకపోతే పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి కార్లకు జీఎస్టీ 18 శాతం, పెద్ద వాటికి 40 శాతం. ఈ తరగతిలో 2023 సెప్టెంబరులో హ్యుందాయ్ వెన్యూ, 2024 జనవరిలో కియా సోనెట్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, లేన్ సాయం తెచ్చాయి గాని ఏసీసీ ఇవ్వలేదు. 2024 ఏప్రిల్‌లో విడుదలైన మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ పై రకాల్లో రాడార్, కెమెరాలతో ఏసీసీ వచ్చింది. దాని పొడవు 3,990 మిల్లీమీటర్లు. అదే ఏడాది డిసెంబరులో మూడో తరం హోండా అమేజ్ ఒకే కెమెరాతో పనిచేసే ఏసీసీని పై రకంలో ఇచ్చింది. ఆ రకం విడుదలనాటి షోరూం ధర పది లక్షల లోపే మొదలవడంతో ఈ సౌకర్యం ఉన్న కార్లలో అప్పటికి దేశంలోకెల్లా చవకైనదిగా నిలిచింది.

ఇక్కడ ఒక తేడా గమనించదగ్గది. 2024లో భారతదేశంలో విడుదలైన కొత్త తరం స్విఫ్ట్‌కు ఏసీసీ గాని, ఎమర్జెన్సీ బ్రేకింగ్ గాని లేవు. జపాన్‌, యూరప్‌లలో అమ్మే అదే తరం స్విఫ్ట్‌కు రెండూ ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల రోడ్లు

ఏసీసీకి నప్పే రోడ్డు ఎలా ఉండాలో చూడాలంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చాలు. 158 కిలోమీటర్ల పొడవున ఎనిమిది లేన్లు, మధ్యలో డివైడర్, పరిమిత ప్రవేశాలు ఉన్నాయి. బైకులకు, ఆటోలకు అనుమతి లేదు. కార్లకు గరిష్ఠ వేగాన్ని 2023లో 120 కిలోమీటర్లకు పెంచారు. ఇలాంటి చోట కుడికాలు విశ్రాంతిగా ఉండి, డ్రైవరు అద్దాల మీద, పక్క లేన్ల మీద దృష్టి పెట్టవచ్చు.

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిలో సంగతి వేరు. డివైడర్ సందులోంచి బైకు వస్తుంది, వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ చెరకుతోనో గడ్డితోనో నెమ్మదిగా సాగుతుంది, ఊరు దగ్గర రాంగ్ రూట్‌లో ఆటో ఎదురొస్తుంది. కోతల కాలంలో చాలా పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు, జొన్నలు, మిరప ఆరబోసి ఉంటాయి. యూరప్‌, అమెరికా రోడ్ల చిత్రాలతో శిక్షణ పొందిన కెమెరాకు ఇవి కొత్త. ఈ లోటును గుర్తించినవారిలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఉన్నారు. వారి భాగస్వామ్యంతో తయారైన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు పరిసరాల్లో తీసిన పదివేల చిత్రాల్లోని వస్తువులను 34 తరగతులుగా గుర్తు పెట్టారు. ఆటోకు, జంతువులకు అందులో వేరే తరగతులున్నాయి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 2022లో ప్రారంభమైన టిహాన్ పరీక్షా క్షేత్రం డ్రైవరు లేని వాహనాలను స్థానిక పరిస్థితుల్లో పరీక్షించడానికి ఏర్పడింది.

మన ట్రాఫిక్‌లో ఏసీసీ వాడేవారు ముందుగా చెప్పే ఇబ్బంది ఎడం నిలవకపోవడం. రెండు సెకన్ల ఖాళీ కనిపిస్తే మరో కారు దూరుతుంది. ఏసీసీ బ్రేకు వేసి కొత్త ఎడం ఏర్పరుస్తుంది, అందులోకి ఇంకొకటి దూరుతుంది. విసుగుతో కొందరు ఎడాన్ని కనిష్ఠానికి తగ్గిస్తారు. ఒక కారు దూరితే పోయేది కొన్ని సెకన్లే. ఎడం తగ్గితే పోయేది ఆపదలో కాలు బ్రేకు మీదికి చేరే వ్యవధి.

గుర్తించలేని సందర్భాలు

ఏసీసీ పరిమితుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆగి ఉన్న బండి. రోడ్డు పక్క బోర్డులు, వంతెనలు, రెయిలింగులు అన్నీ రాడార్‌కు కదలని వస్తువులే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు నడవదు కాబట్టి, ఎక్కువ వేగంలో కదలని వాటిని చాలా ఏసీసీలు పక్కన పెడతాయి. వెంబడిస్తున్న కారు హఠాత్తుగా తప్పుకుని, దాని ముందు ఆగిపోయిన లారీ బయటపడితే పట్టించుకోకపోవచ్చు. పైగా దారి ఖాళీ అయిందనుకుని వేగం పెంచవచ్చు. రాత్రిపూట లైట్లు లేకుండా లేన్‌లోనే లారీలు ఆగి ఉండే మన రోడ్ల మీద ఈ ఒక్క విషయం ప్రతి డ్రైవరూ గుర్తుంచుకోవాలి.

బైకులు సన్నంగా ఉండి, లేన్ అంచున పోతాయి కాబట్టి ఆలస్యంగా కనబడతాయి. మలుపులో ముందు బండి రాడార్ చూపు నుంచి తప్పిపోతుంది, లేదా పక్క లేన్ బండి మన దారిలో ఉన్నట్టు తోస్తుంది. స్పీడ్ బ్రేకరు, గుంత, గేదె ఏసీసీకి లెక్కలో లేనివి.

అలసట, అప్రమత్తత, ట్రాఫిక్

దూర ప్రయాణంలో ఏసీసీ కాలి నొప్పిని, విసుగును తగ్గిస్తుంది. రెండు సెకన్ల ఎడాన్ని మనిషి కన్నా ఓపిగ్గా పాటిస్తుంది. మరోవైపు, పని తగ్గిన మనసు పక్కదారి పట్టడం సహజం. అమెరికాలోని రహదారి భద్రతా పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2021లో వెల్లడించిన అధ్యయనంలో, ఏసీసీ గాని దానితో లేన్ సాయం గాని వాడుతున్నప్పుడు డ్రైవర్లు వేగ పరిమితిని మించే అవకాశం 24 శాతం ఎక్కువని తేలింది.

ట్రాఫిక్ మొత్తం మీద ప్రభావం అనుకున్నంత సూటిగా లేదు. 2008లో ప్రచురితమైన ప్రయోగంలో జపాన్ పరిశోధకులు 230 మీటర్ల వలయంలో 22 కార్లను ఒకే వేగంతో నడపమంటే, ఏ అడ్డంకీ లేకుండానే ట్రాఫిక్ జామ్ అల పుట్టి వెనక్కి పాకింది. మనుషులు ఆలస్యంగా స్పందించి, అవసరానికి మించి బ్రేకు వేయడమే కారణం. ఏసీసీ ఈ అలను అణచగలదని ఆశించారు. కానీ అమెరికాలో మార్కెట్లో ఉన్న ఏడు కార్లను పరీక్షించిన ఒక బృందం, ముందు కారు వేసిన చిన్న బ్రేకు వాటి వరుసలో వెనక్కి పోయేకొద్దీ పెద్దదవుతోందని కనుగొంది. అలను అణచే రీతిలో దీన్ని సరిదిద్దడం సాధ్యమే.

నిర్వహణ, మరమ్మతులు

ముందు అద్దం మార్చినా, బంపరు విప్పి బిగించినా కెమెరాను, రాడార్‌ను మళ్లీ సరిచూడాలి. దిశ ఒక డిగ్రీ తప్పితే వంద మీటర్ల దూరంలో చూపు 1.7 మీటర్లు పక్కకు పోతుంది. దాదాపు సగం లేన్ అంత. డెంటింగ్, పెయింటింగ్ చేసేటప్పుడు రాడార్ ముందుభాగంలో పుట్టీ మందంగా పూసినా, లోహపు పొడి కలిసిన రంగు పొరలు పెరిగినా తరంగాలు బలహీనపడతాయి. నంబరు ప్లేటును స్థానం మార్చి రాడార్‌కు అడ్డంగా బిగించకూడదు. మందపాటి ఇనుప బుల్ గార్డులను కేంద్ర రవాణా శాఖ 2017లోనే చట్టవిరుద్ధమంది. రాడార్ ఉన్న కారుకు అవి చూపును కూడా మూసేస్తాయి. బీమా క్లెయిములో ఈ సరిచూత ఖర్చు కలిసిందో లేదో ముందే అడగాలి.

ప్రాధాన్యం

చిన్న కారులో ఏసీసీ ఆప్షన్‌గా ఉండడంలో తప్పు లేదు. హైవే మీద తరచు తిరగనివారికి అది లేకున్నా లోటు లేదు. తప్పు మరోచోట ఉంది. దానితో ఒకే కెమెరాను, రాడార్‌ను పంచుకునే ఎమర్జెన్సీ బ్రేకింగ్ కూడా పై రకంలోనే చిక్కుకుపోతోంది. కాలికి విశ్రాంతినిచ్చేది డబ్బు పెట్టగలిగినవారు కొనుక్కోవచ్చు. రోడ్డు దాటుతున్న మనిషిని చూసి ఆగేది కారు రకాన్ని బట్టి ఉండకూడదు. ఎన్-బాక్స్ అన్ని రకాలకూ ఇచ్చి చూపింది కాబట్టి ఇది అత్యాశ కాదు. షోరూంలో కొనుగోలుదారు ఏసీసీ ఉందా అని అడిగే ముందు, అడుగు రకంలో ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఉందా అని అడగడం మొదలుపెడితే కంపెనీలు జవాబు వెతకక తప్పదు. ఏసీసీ ఉన్నా లేకున్నా రెండు సెకన్ల ఎడం మాత్రం ప్రతి డ్రైవరుకూ ఉచితంగా దొరుకుతుంది. ముందు బండి ఒక కిలోమీటరు రాయి దాటాక, మనం దాన్ని చేరేలోపు నూటొకటి, నూటరెండు అని నింపాదిగా పలకగలిగితే ఆ ఎడం ఉన్నట్టే.